సూర్యుడు చాచిన కడియం

బాబిలోన్,
నిసాను నెల, కొత్త ఏటి పండుగ ముగిసిన మర్నాడు

నినెవేలో రాజుగారికి ఆకాశం చదివి వినిపించే మా బావమరిది రిమూత్‌కి, లబాషి రాస్తున్నది. దేవుళ్ళు నిన్ను చల్లగా చూస్తున్నారని ఊరంతా చెప్పుకుంటున్నారు కాబట్టి ఆ దీవెనలు నేను మళ్ళీ వల్లించను.

ఇద్దియని పట్టుకుపోయారు. నీ మేనల్లుడిని. ఈ ముక్క ముందే రాసేస్తే మిగిలిన మట్టిపలక తిన్నగా రాయొచ్చని ఇదే మొదట రాశాను.

వాడి సంగతి నీకు తెలుసు. ఎవరు నడిచినా ఆ నడక ఎత్తుకొచ్చేస్తాడు. చిన్నప్పుడు నువ్వు గుడి మిద్దె మీద చుక్కలు చూస్తున్నట్టు నటిస్తూ గురక పెట్టడం చేసి చూపిస్తే మీ అక్క నవ్వలేక చచ్చింది, గుర్తుందా? మొన్న పండుగ సంబరంలో కాలవగట్టు కల్లు దుకాణంలో కూర్చున్నాడు. ఎవడో వెధవ, "ఒరే, గవర్నరుగారిని చెయ్యరా" అన్నాడట. చేశాడు. "ఇప్పుడు రాజుగారిని చెయ్యరా" అన్నాడు ఇంకొకడు. మనవాడు నెత్తిన ఖర్జూరాల గంప బోర్లించుకుని, కల్లు గరిటె రాజదండంలా పట్టుకుని, "మీరు తవ్విన కాలవలో నీళ్ళు నావి, మీరు కార్చిన చెమట కూడా నాదే, జాగ్రత్తగా కార్చండర్రా" అన్నాడట. దుకాణమంతా పొట్ట చెక్కలయ్యేలా నవ్వింది. మూల కూర్చున్న ఇద్దరు సిపాయిలు మాత్రం నవ్వలేదు. తెల్లారేసరికి పిల్లాణ్ణి పడవెక్కించి మీ ఊరి జైలుకి పంపేశారు.

మీ అక్క బుసాసు ధైర్యంగానే ఉంది. "అక్కడ మా తమ్ముడు లేడూ, వాడు చూసుకోడూ" అంటోంది. ఆవిడకి నీ మీద ఉన్నంత నమ్మకం నాకు లేదు. ఎందుకు లేదో నీకే తెలుసు, పదేళ్ళు నా పక్కన కూర్చుని నేను చూసింది రాసుకుని నీదని చెప్పుకున్నవాడివి. అయినా అడుగుతున్నాను. వాడిని విడిపించు. నాకున్నది వాడొక్కడే.

లబాషి


నినెవే,
అయ్యారు నెల

బావకి రిమూత్ నమస్కారాలు. అక్కకి నా ముద్దులు.

తిట్టి అడగడం నీకే చెల్లింది బావా. ఇక్కడ నన్ను చూస్తే ద్వారపాలకులు లేచి నిలబడతారు, నువ్వు మాత్రం ఇంకా గురక దగ్గరే ఉన్నావు. సరే, నీ నోరు నాకు కొత్తా?

వాడిని చూసొచ్చాను. చిక్కాడు కానీ హుషారు తగ్గలేదు. జైలు అధికారి కుంటి నడక నాకు చేసి చూపించాడు. ఆ అధికారి నా వెనకే నిలబడి ఉన్నాడు.

ఇప్పుడు అసలు సంగతి. రాజుని వెక్కిరించినవాడిని ఊరికే వదలరు. కొలువులో ఏదైనా అడగాలంటే చేతిలో ఏదైనా ఉండాలి. రాజుగారికి ఈమధ్య నిద్ర లేదు. ఈ ఏడు సూర్యుడికి గ్రహణం పడుతుందని ఎవరో చెవిలో ఊదారు. ఏ నెలో, ఏ రోజో చెప్పేవాడు లేడు. ఇక్కడి పండితులు రోజుకో మాట చెప్పి తిట్లు తింటున్నారు. ఆ తేదీ ముందుగా, గట్టిగా చెప్పగలిగినవాడు ఏమడిగినా ఇస్తారు. నేను పిల్లాణ్ణి అడుగుతాను.

నీ గుడిలో మూడు తరాల పాత పలకలున్నాయి. నీ బుర్ర ఉంది. తేదీ నాకు రాయి. నీ పేరు చెప్పను, చెబితే "బాబిలోన్ వాడెవడో" అని కొట్టిపారేస్తారు. నా పేరు మీద చెబుతాను. కోపం తెచ్చుకోకు, పిల్లాడి కోసమేగా.

రిమూత్


బాబిలోన్,
అయ్యారు నెల ఆఖరు

రిమూత్‌కి,

నా పేరు ఎవడికి కావాలి, తీసుకో. నాకు పిల్లాడు చాలు.

ఉలూలు నెలాఖరు అమావాస్య, ఇవాళ్టికి నాలుగు నెలలు. పొద్దెక్కాక, సూర్యుడు నడినెత్తికి రాకముందు. రాసుకో.

ఇంత గట్టిగా ఎలా చెబుతున్నానని నిన్ను ఎవడైనా అడుగుతాడు, నువ్వు నీళ్ళు నములుతావు. అందుకని విడమరిచి చెబుతున్నాను, ఈసారైనా నిద్రపోకుండా విను.

ప్రతి అమావాస్యకీ గ్రహణం ఎందుకు రాదు? చంద్రుడి దారి సూర్యుడి దారికి కాస్త వాలుగా ఉంటుంది కాబట్టి. రెండు వీధులు రెండు చోట్ల కలుసుకుంటాయి. ఆ కూడలిలో ఇద్దరూ ఒకేసారి ఉంటేనే పట్టు. లేకపోతే ఒకడు పైనుంచో కిందనుంచో తప్పుకుని పోతాడు. ఒకసారి కూడలిలో కలుసుకున్నవాళ్ళు మళ్ళీ దాదాపు అలాగే కలుసుకోవడానికి రెండువందల ఇరవై మూడు అమావాస్యలు పడుతుంది. అంటే పద్దెనిమిదేళ్ళ పైచిలుకు. పాత పలకలు ముందేసుకుని నేను నా కళ్ళు పాడుచేసుకున్నది ఇందుకే.

ఇందులో ఒక మెలిక ఉంది. ఆ లెక్క నిండు రోజులతో ముగియదు, రోజులో మూడోవంతు మిగులుతుంది. అంచేత ఈసారి పొద్దున పట్టిన గ్రహణం వచ్చేసారికి సాయంత్రానికి జరుగుతుంది, ఆపైసారి మనకి రాత్రయి సూర్యుడు నేల కింద ఉండగా పట్టి విడిచిపోతుంది. మనకి కనపడదు. అది చూసి తొందరపాటు మనుషులు లెక్క తప్పంటారు. మూడు తిరుగుళ్ళు ఓపిక పట్టినవాడికి అదే వేళకి మళ్ళీ వస్తుంది. మా గురువుగారి గురువు దక్షిణాన లార్సా పట్నంలో చూసినదే ఇప్పుడు వస్తోంది. కాకపోతే ప్రతి తిరుగుడికీ కాస్త ఉత్తరానికి జరుగుతూ వస్తుంది కాబట్టి ఈసారి మాకంటే మీకే బాగా కనపడాలి.

ఇంకొకటి. ఇది నేను ఎవరికీ చెప్పలేదు. చంద్రుడు ఒక్కోసారి చురుగ్గా నడుస్తాడు, ఒక్కోసారి కాళ్ళీడుస్తాడు. ఈడ్చే రోజుల్లో చిన్నగా కనిపిస్తాడు. దూరం పోతాడో, నీరసపడతాడో నాకు తెలీదు, చిన్నగా ఉంటాడన్నది మాత్రం వేలు చాచి కొలిచి చూశాను. పద్దెనిమిదేళ్ళ తిరుగుడులో ఆ నడక కూడా మళ్ళీ అక్కడికే వస్తుంది. అంచేత ఈ గ్రహణాలకి తండ్రి పోలికే కొడుక్కి వస్తుంది. లార్సాలో ఆ రోజు చంద్రుడు చిన్నవాడు, సూర్యుణ్ణి నిండా కప్పలేకపోయాడు. చుట్టూ వెలుగు అంచు మిగిలి ఆకాశంలో బంగారు కడియంలా నిలిచిందట. ఈసారీ అంతే. కడియమే వస్తుంది రిమూత్. నా జన్మలో ఒక్కసారి చూడాలని ఉంది.

చూశావా, పిల్లాడు జైల్లో ఉంటే నేను చంద్రుడి నడక గురించి రాస్తున్నాను. మీ అక్క తిడుతోంది. ఉంటాను. తొందరగా చెయ్యి.

లబాషి


నినెవే,
సిమాను నెల ఆఖరు

బావా, అక్కా,

మంచి కబురు. పిల్లాడు జైలు బయటికి వచ్చాడు.

తేదీ చెప్పాను. రాజుగారు నావైపు అంతసేపు చూడటం అదే మొదటిసారి. "ఏం కావాలి" అన్నారు. "జైల్లో ఒక బాబిలోన్ కుర్రాడున్నాడు, వాడి తప్పు కాయండి" అన్నాను. అక్కడే ఉన్న పెద్ద మాంత్రికుడు వివరాలు అడిగాడు. ఎంత వయసు, ఒంట్లో అవకరాలేమైనా ఉన్నాయా, ఏం తప్పు చేశాడు అని. చెప్పాను. వెంటనే విడిపించారు.

వాడికి ఇప్పుడు ఏ లోటూ లేదు. స్నానం చేయించి, తైలం రాసి, మెత్తటి బట్టలు కట్టారు. పరుపు మీద పడుకుంటున్నాడు. బాతు మాంసం, తేనె రొట్టెలు, పాత ద్రాక్షసారా. అక్క చూస్తే గుర్తుపట్టదు, బుగ్గలు వచ్చాయి. ఇంటికెప్పుడని అడగకండి, కొన్నాళ్ళు రాజుగారి నగరు దాటి రాకూడదని ఆజ్ఞ. ఉలూలు వెళ్ళాక చూద్దాం.

రిమూత్


బాబిలోన్,
దూజు నెల మొదలు

ఒరే రిమూత్,

నిన్ను ఎన్ని తిట్టాను! అన్నీ వెనక్కి తీసుకున్నాను, గురక ఒక్కటీ తప్ప.

మీ అక్క నీ పలక మీది మట్టి తొడుగు ముక్కలు కూడా పారేయకుండా దాచింది. వీధంతా తిరిగి ఖర్జూరాలు పంచింది. "మావాడు రాజుగారి నగర్లో బాతు తింటున్నాడు" అని చెబుతుంటే పక్కింటావిడ మొహం చూడాలి. వాడికి నువ్వుల ఉండలు, తను నేసిన నడికట్టు పంపుతోంది. "మెత్తటి బట్టలు ఎన్నున్నా నడికట్టు మాత్రం అమ్మదే కట్టుకోమను" అని చెప్పమంది.

పరుపు దేనికిరా వాడికి? మిద్దె మీద చాప పరిస్తే సుఖంగా పడుకునేవాడు.

లబాషి


బాబిలోన్,
దూజు నెల, పున్నమి ముందు

రిమూత్‌కి,

ఇవాళ గుడికి ఆజ్ఞ వచ్చింది. ఇకనుంచి నగరుకి రాసే పలకల మీద "రాజుగారికి" అని ఎవరూ రాయకూడదట. "రైతుగారికి" అని రాయాలట.

మా గుడిలో చిన్న కుర్రాళ్ళకి దీని అర్థం తెలీదు, నాకు తెలుసు. నీకూ తెలుసు. గ్రహణం రాజుని తినేస్తుందని భయం పుడితే, రాజు కుర్చీ దిగి పొలం వేషం వేసుకుంటాడు. కుర్చీలో ఇంకొకడిని కూర్చోబెడతారు. వాడికి కిరీటం, దండం, పరుపు, బాతు మాంసం. పక్కన రాణి అని ఒక పెళ్ళికాని పిల్ల. కీడంతా వాడి నెత్తిన పడ్డాక, గ్రహణం విడిచాక, ఇద్దరినీ చంపి రాజమర్యాదలతో పాతిపెడతారు. రైతు మళ్ళీ రాజవుతాడు.

అలా కూర్చోబెట్టేది ఎవరిని? జైల్లో ఉన్నవాడిని. పోయినా ఎవరూ అడగనివాడిని.

మెత్తటి బట్టలన్నావు. తైలమన్నావు. అవకరాలున్నాయా అని మాంత్రికుడు అడిగాడన్నావు.

ఆ కుర్చీలో ఉన్నదెవరు? ఒక్క మాట రాయి. మీ అక్కకి నేనింకా చెప్పలేదు. నువ్వుల ఉండలు నచ్చాయో లేదో కనుక్కోమని రోజూ చంపుతోంది.

లబాషి


నినెవే,
దూజు నెల ఆఖరు

బావా,

వాడే.

నేను ఎంచలేదు. నా పిల్లల మీద ఒట్టు. వాడిని విడిపించమని అడగడమే నా చేతి మీదుగా జరిగింది. మాంత్రికుడు ఎదురుచూస్తున్నది అలాంటివాడి కోసమే. కుర్రాడు, ఆరోగ్యంగా ఉన్నాడు, రాజు వేషం ముందే వేసి ఉన్నాడు. "దేవుడే చూపించాడు" అన్నాడు. అప్పుడు నేను "వాడు నా మేనల్లుడు" అనాల్సింది. అనలేదు. రాజుని వెక్కిరించినవాడి మేనమామనని తెలిస్తే నా గతేమిటి, నా పిల్లల గతేమిటి అని వెనక్కి తగ్గాను. ఎంతైనా తిట్టు, పడతాను.

వాడికి అంతా తెలుసు. అయినా వాడు మారలేదు. ఇప్పుడు కుర్చీలో కూర్చుని పెద్దవాళ్ళ దండాలు అందుకుంటూ రైతుగారి గొంతుతో "లెండి, లెండి" అంటున్నాడు. కాపలావాళ్ళు గోడవైపు తిరిగి నవ్వుకుంటున్నారు. పక్కన కూర్చోబెట్టిన పిల్ల కూడా ఒకసారి నవ్వింది. నాకు మాత్రం వాడి మొహంలోకి చూడటం చేతకావడం లేదు.

కానీ దారి ఉంది. విను. నీ లెక్క ప్రకారం సూర్యుడు నిండా మూతపడడు. అంచు మిగులుతుంది. ఆ అంచే నా ఆశ. "వెలుగు చావలేదు కాబట్టి కీడు నిండలేదు, మనిషి చావాల్సిన పనిలేదు, మట్టిబొమ్మని పాతితే చాలు" అని నేను వాదిస్తాను. పాత ఆచారంలో అందుకు చోటుంది. మాంత్రికుడు సగం ఒప్పుకున్నాడు. రైతుగారికి కూడా ఈ తంతు తొందరగా ముగిస్తే చాలు. పిల్లాణ్ణి దక్షిణాన రెల్లు చిత్తడుల్లోకి పంపేస్తాను, పేరు మార్చుకుని బతుకుతాడు.

ఒక్కటే షరతు. అంచు మిగులుతుందని మాత్రమే ఇక్కడ చెప్పాను. కడియం అన్న మాట నా నోటివెంట రాలేదు. నువ్వూ ఆ మాట ఎవరికీ రాయకు, ఎవరితోనూ అనకు. ఎందుకని అడగకు. పలక దారిలో ఎవరి చేతిలో పడుతుందో తెలీదు, కారణం రాయలేను. ఈ ఒక్కసారి నన్ను నమ్ము.

రిమూత్


బాబిలోన్,
అబు నెల

రిమూత్‌కి,

సరే. నోరు మూసుకుంటాను.

మీ అక్కకి చెప్పాను. అన్నం మానేసింది. "మా తమ్ముడు ఏదో చేస్తానన్నాడుగా" అని గోడకి చెప్పుకుంటోంది. నీ షరతు కూడా చెప్పాను. "వాడు చెప్పినట్టే చెయ్యి, నీ తెలివితేటలు చూపించకు" అంది.

నువ్వు అనాల్సిన రోజు అనలేనివాడివి, రేపు మాత్రం అంటావని నేనెలా నమ్మాలి? కారణం రాయలేనంటావు. సరే అన్నానుగా, సరే.

లబాషి


బాబిలోన్,
అబు నెల, అదే వారం. గుడి వార్తాహరుడి చేతికి ఇచ్చినది

నా ఏలికలైన రైతుగారి పాదాలకు, బేల్ దేవుని ఆలయంలో ఆకాశం కనిపెట్టి చూచే సేవకుడు లబాషి విన్నవించుకొనునది.

ఉలూలు అమావాస్యనాడు సూర్యుడికి పట్టనున్న గ్రహణాన్ని గూర్చి తమ మనసు కలత చెందినదని విన్నాను. కలత చెందవలసిన పని లేదు. ఆ రోజు చంద్రుడు మందగమనంలో ఉంటాడు, చిన్నగా ఉంటాడు, సూర్యుడైన షమష్ దేవుణ్ణి కప్పలేడు. షమష్ దేవుడు ఆకాశంలో వెలుగు కడియమై నిలుస్తాడు. ఇది మా పెద్దలు కళ్ళారా చూచిన సంగతి.

కడియమంటే ఏమిటో ఏలినవారికి నేను చెప్పాలా? మన పూర్వులు చెక్కిన రాళ్ళ మీద షమష్ దేవుడు సింహాసనం మీద కూర్చుని రాజువైపు చాచేది ఆ కడియమే. అది రాజ్యం. దేవుడు నాడు రాతిలో చాచినదాన్ని నేడు ఆకాశంలో చాస్తున్నాడు. ఇది కీడు కాదు, పట్టాభిషేకం. ఇటువంటి శుభదినాన ఎవరి ప్రాణమూ బలి పెట్టవలసిన అగత్యం లేదు. కుర్చీలో కూర్చున్న ఆ అభాగ్యుణ్ణి ప్రాణాలతో విడిచిపెట్టినట్లయితే దేవుడు మరింత సంతోషిస్తాడు.

సేవకుడు లబాషి


నినెవే,
తష్రీతు నెల

బాబిలోన్‌లో ఉన్న లబాషి గారికి,

మీ విన్నపం అందింది. నాకు కాదు, ఎవరికి రాశారో వారికే అందింది.

జరిగింది జరిగినట్టు రాస్తున్నాను. మీ లెక్క వేలెడు కూడా తప్పలేదు. చెప్పిన రోజున, చెప్పిన పూటకి పట్టింది. లోపలి ముంగిట్లో ద్రాక్షపందిరి ముందు సింహాసనం వేశారు. ఇద్దియ రాజు బట్టల్లో కూర్చున్నాడు, పక్కన ఆ పిల్ల. రైతుగారు ఒక మూల గొంగళి కప్పుకుని నిలబడ్డారు. గుడివాళ్ళు ఎద్దుతోలు డోలు మోగిస్తున్నారు. మేం నూనె పళ్ళెంలో నీడ చూస్తున్నాం. ఎండ పలచబడింది, గాలి చల్లబడింది, పావురాలు గూళ్ళకి పోయాయి. అప్పుడు వచ్చింది మీ కడియం.

పళ్ళెంలోనే కాదు. ద్రాక్షాకుల సందుల్లోంచి దిగిన ప్రతి చుక్క వెలుగూ కడియమే అయింది. నేల మీద కడియాలు, మెట్ల మీద కడియాలు. వాడి ఒడి నిండా, ఆ పిల్ల చేతుల మీద. అందరూ చూశారు. వాడు నవ్వేశాడు. మీ లెక్క ముందురోజు కాపలావాళ్ళు లేనప్పుడు నేనే వాడికి చెప్పాను. ఇంతకాలానికి నన్ను చూసి, డోలు మోతలో నాకొక్కడికే వినపడేలా పిలిచాడు, "మామా, చూశావా! నాన్న చెప్పినట్టే వచ్చింది. లెక్క తప్పలేదని రాయి ఆయనకి." రాస్తానన్నాను. ఇదిగో, రాశాను.

గ్రహణం విడిచాక నేను నా వాదన మొదలుపెట్టాను. అంచు మిగిలింది, వెలుగు చావలేదు, మట్టిబొమ్మ చాలు అన్నాను. రైతుగారు తల ఊపుతున్నారు. ఇంకొక్క మాటైతే అయిపోయేది. అప్పుడు మాంత్రికుడు మీ పలక తీసి చదివాడు. కడియమంటే రాజ్యం, షమష్ దేవుడే రాజ్యాన్ని చాస్తున్నాడు, ఇది పట్టాభిషేకం అని బాబిలోన్ పెద్ద పండితుడు రాశాడని చదివాడు. రైతుగారు అడిగారు, "అయితే దేవుడు ఎవరివైపు చాచాడు?"

చెప్పాల్సిన పనేముంది? కుర్చీలో ఉన్నది ఎవరో, ఒడి నిండా కడియాలు ఎవరికి పడ్డాయో అందరూ చూశారు. "దేవుడే పట్టం కట్టినవాడు బతికుండగా మీరు మళ్ళీ రాజెలా అవుతారు?" అన్నాడు మాంత్రికుడు. మట్టిబొమ్మ మాట మళ్ళీ ఎవరూ ఎత్తలేదు. చిత్తడుల్లోకి పంపినా ఏదో ఒకరోజు సైన్యంతో తిరిగొస్తాడని భయపడ్డారు. ఆ పూటే ఇద్దరికీ గిన్నెల్లో పోసి ఇచ్చారు. కొలువులో దీన్ని "తమ రాత వెంట వెళ్ళారు" అంటారు. వాడు అమ్మ నేసిన నడికట్టే కట్టుకుని ఉన్నాడు, అది విప్పనివ్వలేదు.

కడియం మాట ఎత్తొద్దని ఎందుకన్నానో ఇప్పటికి అర్థమయ్యే ఉంటుంది. నేను కారణం రాయలేదు. రాసిన పలక దొరికితే నా తల పోయేది, అందుకని రాయలేదు. వాడిది పోయింది.

రాజుల సమాధుల్లో పాతారు. ఏడవడానికి మనుషుల్ని పిలిపించారు. నేనూ వాళ్ళలో నిలబడి ఏడ్చాను, ఎవరికీ అనుమానం రాలేదు. తేదీ సరిగ్గా చెప్పినందుకు నాకు కొలువులో మొదటి వరస ఇచ్చారు. అదీ రాస్తున్నాను, తర్వాత ఇంకెవరో చెబితే మీరు వినకూడదని.

ఆ పిల్ల ఎవరో తెలీదు. కొండ పల్లెల నుంచి తెచ్చారట. పేరు ఎవరూ అడగలేదు.

అక్కకి మీరే చెప్పండి.

రిమూత్


బాబిలోన్,
అరహ్సమ్ను నెల

రిమూత్‌కి,

చేతిరాత మీ బావది. మాట నాది. నేను చెబుతున్నాను, ఆయన రాస్తున్నాడు. ఒక్క ముక్క మార్చినా వీధి చివరి రాతగాడి చేత చదివించుకుంటానని ముందే చెప్పాను. నీ పలక కూడా అలాగే చదివించుకున్నాను. మీ బావ నాకు చదివి వినిపించినప్పుడు విన్నపం సంగతి మింగేసి, "వాళ్ళు ఒప్పుకోలేదట" అని ఊరుకున్నాడు. రెండు రోజులు ఆయన ఒళ్ళో తల పెట్టుకుని ఏడ్చాను. మూడో రోజు రాతగాడు మొత్తం చదివాడు.

ఇక్కడ కడియం రాలేదు. కొరికిన రొట్టెలా సగం సూర్యుడు కనపడ్డాడు, అంతే. నేను మిద్దె మీద నిలబడి, వాడికి ఏమీ కాకూడదని ఆ సగానికే దండం పెట్టాను. మీ బావ పక్కనే పళ్ళెం పట్టుకుని, "అయ్యో, మనకి కడియం కనపడలేదే" అన్నాడు. ఆ మాట నేను చచ్చేదాకా మర్చిపోను. రాయి. ఆగకు, రాయి.

ఒకడు నోరు తెరవాల్సిన చోట మూసుకున్నాడు. ఇంకొకడు మూసుకోవాల్సిన చోట తెరిచాడు. చదువుకున్నవాళ్ళు మీరిద్దరూ. నా కొడుకు గంప నెత్తిన పెట్టుకుని నవ్వించాడు, అంతకంటే వాడు చేసింది ఏమీ లేదు. వాడిని జైల్లోనే వదిలేసి ఉంటే ఇవాళ నాలుగు దెబ్బలు తిని ఇంటికి వచ్చి ఉండేవాడు. జైలు వాళ్ళు వదిలేస్తారు. మీరు వదల్లేదు.

ఆ పిల్ల పేరు కనుక్కో. కొండల్లో ఏ ఊరో, తల్లి ఎవరో కనుక్కో. ఇంతమంది పండితులున్నారు, సూర్యుడు ఎప్పుడు మూతపడతాడో చెప్పగలరు, మీ చేతుల మీదుగా చచ్చిపోయిన పిల్ల పేరు చెప్పలేరా? చచ్చిపోయినవాళ్ళకి నీళ్ళు పోసేటప్పుడు పేరు పెట్టి పిలవకపోతే ఆ నీళ్ళు వాళ్ళకి అందవు, నీకు తెలీదా? కొడుకు పక్కన కూర్చుంది, వాడితో ఒకసారి నవ్వింది, వాడితోనే పోయింది. నాకు అది కోడలే. అప్పటిదాకా కోడలా అని పిలుస్తాను, దానికి వినపడితే వస్తుంది.

మీ బావ లెక్క చెబుతున్నాడు, ఈ గ్రహణం మళ్ళీ పద్దెనిమిదేళ్ళకి ఎక్కడో పడుతుందట. నేను అడగలేదు, తనే చెబుతున్నాడు. చెప్పనీ. ఆయన్ని నేను ఏమీ అనను. ఆయన రోజూ నా ఎదురుగా కూర్చుని నేను వడ్డించింది తినాలి. అదే ఆయనకి.

నీకు మాత్రం ఇది. అమావాస్యకి వాకిట్లో నీళ్ళు పోస్తాను. మొదట ఇద్దియా అని పిలుస్తాను. తర్వాత కోడలా అని పిలుస్తాను. మూడోసారి రిమూత్ అని పిలుస్తాను. నాకు తమ్ముడున్నాడా అని అడిగినవాళ్ళకి, పోయాడు, నీళ్ళు పోస్తున్నాను అని చెబుతాను. అక్కడ మొదటి వరసలో కూర్చున్నవాడు ఎవరో నాకు తెలీదు.

బుసాసు